చలి ఎరగని ఊళ్లో చలికోట్లు ఏరినవాణ్ణి

నేను పిరికివాణ్ణి. ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. ముప్ఫై ఒక్క ఏళ్లు యాంగోన్‌లో చలికోట్లు ఏరి, బాగుచేయించి, మనుషులకు తొడిగి పంపాను. ఆ ఏళ్లన్నిటిలో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నిశ్చింతగా అన్నం తిన్న రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నేను పంపిన కోటు ఎక్కడో కొండ మీద ఒకడి ఒంటి మీద ఉంటుంది. అది వెచ్చగా ఉందో లేదో నాకు తెలిసే దారి లేదు. వాడు దిగివస్తే తెలుస్తుంది. రాకపోతే అదీ తెలుస్తుంది.

మా బజారు మింగళ తౌంగ్‌న్యున్‌లో, రైల్వే స్టేషనుకు నడిచే దూరంలో ఉంది. ఇప్పుడక్కడ పాత చలికోట్ల దుకాణాలు పెరిగాయి. వాటిలో కొత్తగా పనికి చేరినవాళ్లు తాకేటాలో మా ఇంటికి వచ్చి, "ఊలే, ఈకల కోటు మంచిదో కాదో ఎలా కనిపెట్టాలి?" అని అడుగుతుంటారు. ఊలే అంటే బర్మా మాటలో బాబాయ్. నేను రెండు ముక్కలు చెప్పి, టీ ఇచ్చి పంపేస్తుంటాను. అసలు చెప్పవలసింది దాచుకుంటున్నానని నాకు తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను. జీతం ఎప్పుడు పెరిగింది, ఎవరు నన్ను మెచ్చుకున్నారు లాంటివి ఇందులో ఉండవు. మీలో తెలుగు చదవడం వచ్చినవాళ్లు, రానివాళ్లకు చదివి వినిపించండి.

చలి నేర్చుకోవడం

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి రేవులో బస్తాలు మొయ్యడానికి వచ్చాడు. మా అయ్యదీ అదే పని. మా ఇంట్లో ఎవరికీ చలి అంటే ఏమిటో తెలీదు. డిసెంబరులో పొద్దున్నే మా అమ్మ చెవులకు తువ్వాలు చుట్టుకుని "ఏటి సలి, ఏటి సలి" అంటూ పొయ్యి ముట్టించేది. సూర్యుడు కాస్త పైకి రాగానే ఆ తువ్వాలుతోనే చెమట తుడుచుకునేది.

నేను ఊ చో దుకాణంలో చేరినప్పుడు నాకు ఇరవై ఏడేళ్లు. చలిదేశాల నుంచి పాత కోట్లు మూటలు మూటలుగా ఓడల్లో వచ్చేవి. ఉత్తరాన మంచు కొండల వైపు వెళ్లేవాళ్లంతా మా దుకాణానికే వచ్చేవారు. లారీ డ్రైవర్లు, బదిలీ అయిన మాస్టార్లు, సెలవుల్లో సొంత ఊరికి వేటకు పోయే కొండప్రాంతపు వాళ్లు. చేరిన వారంలోనే అలాంటి వేటగాడొకడు వస్తే ఊ చో నన్ను ఏరమన్నాడు. నేను అన్నిటికంటే బరువైనది తీశాను. బొంత ఎంత బరువుంటే అంత వెచ్చన అని మా ఇంట్లో లెక్క.

ఊ చో తిడతాడనుకున్నాను. తిట్టలేదు. ఆయన మొహం పాలిపోయింది. కోటు నా చేతుల్లోంచి లాక్కుని పక్కకు పడేశాడు. "అందులో ఉన్నది దూది. మంచులో తడిసిందంటే నీళ్ల బస్తా అవుతుంది. అతను దాన్ని మోసుకుంటూ చచ్చిపోతాడు," అన్నాడు. వచ్చినవాడు ఎదురుగా నించుని వింటున్నాడు. అప్పటిదాకా నేను బట్టలమ్మే పనిలో చేరాననుకున్నాను.

మర్నాడు ఊ చో నన్ను తాకేటాలో చేపలు నిలవుంచే ఐసు గోదాముకు తీసుకెళ్లాడు. నా బావమరిది అప్పన్న అందులో పనిచేసేవాడు. "ఈ ఊళ్లో చలి దొరికేది ఇక్కడే. తెలియని చలికి కోటు ఏరకూడదు. తొడుక్కుని లోపల కూర్చో. వేటగాడు కూర్చున్నట్టు, కదలకుండా," అన్నాడు ఊ చో. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు అదే నా బడి. కొత్త మూట విప్పినప్పుడల్లా అందులోంచి నాలుగైదు కోట్లు పట్టుకుపోయి, ఒక్కొక్కటీ తొడుక్కుని, చేపల పెట్టెల మధ్య గొంతుక్కూర్చునేవాణ్ణి.

ఒకరోజు మధ్యాహ్నం నేను లోపలుండగా కరెంటు పోయింది. లైటు ఆరిపోయింది. తలుపు ఎటుందో తెలియలేదు. అరిచాను, తలుపనుకుని పెట్టెల్ని బాదాను. భయానికి ఒళ్లంతా చెమట పట్టింది. కాసేపటికి ఆ చెమటే చల్లబడి, మంచి కోటు లోపలే నేను వణకడం మొదలుపెట్టాను. అప్పన్న వచ్చి తలుపు తీసేసరికి నాకు మాట రాలేదు.

"ఏటైపోనావు బావా? పలకవేటి? కరెంటు పోతే జనరేటరు కాడికెల్లినాను. పావుగంట కూడా కానేదు!"

నాకది పావుగంటలా లేదు. కానీ ఆ రోజు నేర్చుకున్నది ఏ మూటలోనూ దొరకదు. చలిలో మనిషిని ముందు దెబ్బతీసేది లోపలి తడి. కోటు బయట కురిసే మంచును చూసి అందరూ భయపడతారు. ఒంటికీ కోటుకూ మధ్య చేరిన నీళ్లను ఎవరూ చూడరు.

వేటగాడికి ఏరడం

బజారులో మనం ఈకల కోటు అంటాం గానీ అందులో ఈక ఎంత తక్కువుంటే అంత మంచిది. ఉండవలసింది నూగు. బాతు రొమ్ము మీద, ఈకల కింద, కాడ లేకుండా దూదిపింజలా ఉండేది. వేళ్ల మధ్య కోటును నలపండి. ముళ్లలా గుచ్చుకుంటే అవి ఈక కాడలు. గుప్పెట్లో పిండి వదిలేయండి. నూగైతే ఊపిరి తీసుకున్నట్టు మళ్లీ పొంగుతుంది. పొంగనిది నా చేతికివ్వకండి. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే కుట్ల దగ్గర నూగు జారిపోయి ఖాళీ అయిన చోట్లు కనిపిస్తాయి. చలి ముందు అక్కణ్ణుంచే వస్తుంది.

ఇక వేటకైతే వేరే లెక్కలున్నాయి. కోటు తొడుక్కుని ఒక చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, రెండో చేత్తో ఆ చేతి మీది గుడ్డను రుద్ది వినండి. చిప్స్ పొట్లంలా గరగరమంటే కొండగొర్రె మైలు దూరాన్నుంచే పారిపోతుంది. మెరిసే రంగు వద్దు. స్వెట్టరు మీద తొడిగించి చూడండి. బిగుతుగా ఉంటే నూగు నలిగిపోతుంది, నలిగిన నూగు వెచ్చదనం ఇవ్వదు. విల్లు ఎక్కుపెట్టినట్టు చేతులు ముందుకు చాపమనండి. గొంతుక్కూర్చోమనండి. నడుము వెనక కోటు పైకి లేచి వీపు కనిపిస్తే ఆ కోటు పడుచువాళ్లు ఫొటోలు దిగడానికి మాత్రమే పనికొస్తుంది. జిప్పు వెనక గాలి దూరకుండా గుడ్డ పట్టీ ఉండాలి. కోటు టోపీ తొడుక్కుని తల తిప్పితే టోపీ కూడా దాంతోపాటు తిరగాలి, కళ్లకు అడ్డం రాకూడదు.

కొనేవాళ్లకు ఇంకొకటి చెప్పండి. ఎక్కేటప్పుడు కోటు సంచీలో ఉండాలి, ఆగి కూర్చున్నాకే తొడుక్కోవాలి. ఇది చెప్పకుండా అమ్మినవాణ్ణి నేను వ్యాపారి అనను.

ఊ చో

ఊ చో గురించి మంచి మాత్రమే చెబితే అబద్ధమవుతుంది. ఆయన దుకాణంలో కోటు కొనడానికి వచ్చినవాడు ఫ్యాను ఆపేసి, స్వెట్టరు మీద కోటు తొడుక్కుని, టీ తాగేంతసేపు గొంతుక్కూర్చుని చూపించాలి. బయట ఎండ పెటపెటలాడుతుండేది. జనం నవ్వేవారు, కొందరు విసుక్కుని వెళ్లిపోయేవారు. ఆయన లెక్కచేసేవాడు కాదు. అంత పట్టుదల గల మనిషి, ఒక ఏడాది సరుకు సరిగా రానప్పుడు, కోడి ఈకలు కలిపిన కోట్లు తెచ్చి పైవరసలో పెట్టమన్నాడు. నేను పెట్టాను. ఒకటి లారీ డ్రైవరుకు అమ్మాను కూడా. అతను కోటును తిరిగి తెచ్చి నా మొహాన విసిరికొట్టేదాకా ఇద్దరం నోరు మెదపలేదు. అతను బతికి వచ్చి విసిరాడు కాబట్టి సరిపోయింది.

ఇక ఏ కోటూ చేతి అంచనాతో అమ్మకూడదని ఆ రోజే ఊ చో ఒక తక్కెడ కొన్నాడు. కడిగే ప్రతి కోటునూ కడగకముందు తూచాలి, ఆరాక తూచాలి. రెండు తూకాలూ ఒకటైతేనే అమ్మాలి. ఒక్క చెంచా నీళ్లు ఎక్కువున్నా తక్కెడ చెబుతుంది, చెయ్యి చెప్పదు అనేవాడు. ఆయన పోయాక కూడా దుకాణంలో ఆ పద్ధతి తప్పలేదు. తప్పింది మా ఇంట్లో, నా చేతుల మీదుగా.

పసుపు నీళ్లు

మా దుకాణానికి ఎదురుగా ఉన్న పెద్ద బిల్డింగు గేటు దగ్గర కో ఫోంగ్ అని ఒక సెక్యూరిటీ గార్డు ఉండేవాడు. పుతావో వైపు మంచు కొండల వాడు, నా కొడుకయ్యే వయసు. మా ఆవిడ నూకాలు నాకు పంపే క్యారియరులో చేపల పులుసు వాసన వస్తే గేటు వదిలి వచ్చేసేవాడు. ఒక వానాకాలం మా వీధిలోకి నీళ్లు వచ్చి, నూకాలు జ్వరంతో లేవలేకపోతే, ఆమెను వీపున వేసుకుని మోకాళ్ల లోతు నీళ్లలో బస్సు రోడ్డు దాకా మోశాడు. అప్పటినుంచి ఆమెను అమే అని పిలిచేవాడు. అంటే అమ్మా అని.

మూడేళ్ల క్రితం అక్టోబరు చివర్లో కో ఫోంగ్ సెలవు దొరికిందని ఎగిరి గంతేశాడు. క్రిస్మస్ విందుకు మాంసం తేవడానికి వాళ్ల నాన్నతో కలిసి పైకొండల్లో వేటకు పోతానన్నాడు. "ఊలే, కోటు మీరే ఏరాలి," అన్నాడు. నేను నాలుగు మూటలు విప్పించి, ఐసు గోదాములో గంటసేపు కూర్చుని మరీ ఒకటి తీశాను. మట్టి కలిసిన ఆకుపచ్చ రంగు. చప్పుడు లేదు. గుప్పెట్లోంచి వదిలితే పొంగింది. నేను ఏరినవాటిలో అంతకంటే మంచిది లేదు.

ఇంటికి తెచ్చి లోపలి జేబు తడిమితే ఒక ప్లాస్టిక్ పట్టీ దొరికింది. ఆసుపత్రిలో రోగి మణికట్టుకు కట్టేది. దాని మీద నాకు తెలియని లిపిలో పేరు. పట్టీని కత్తిరించి తీసినట్టు ఉంది.

కోట్లు ఎవరివో, వాళ్లు ఉన్నారో పోయారో అన్నది దుకాణంలో ఎప్పుడూ ఆలోచించలేదు. అక్కడ అది సరుకు. ఇంట్లో అలా కాదు. మన ఇళ్లలో కొత్త బట్టకు కొనన పసుపు పెట్టనిదే తొడుక్కోం. ఇంకొకరు కట్టి విడిచిన బట్ట మన మనిషి ఒంటి మీదికి వస్తే పసుపు నీళ్లు చల్లనిదే ఇవ్వం.

"సచ్చిపోనోడి కోటు మన ఫోంగుకి ఇచ్చేత్తావేటి?" అంది నూకాలు. "ఉండు, కూసింత పసుపు నీళ్లు జల్లుతాను."

చల్లి ఊరుకుంటే ఏ గొడవా లేదు. నాకు ఆ చుక్కలు చాలవనిపించింది. పట్టీ దొరికింది లోపల కదా, పైన చల్లితే ఏం లాభం? ఆ పోయినవాడెవడో నూగులోనే కూర్చున్నట్టు భయం వేసింది. బకెట్టు నిండా పసుపు నీళ్లు కలిపి, కోటు వీపు భాగాన్ని అందులో ముంచి, గాలి బుడగలు వచ్చేదాకా రెండు చేతులా నొక్కిపట్టాను.

తడిసిన నూగు నీడలో నాలుగు రోజులు ఆరాలి. గంటకోసారి తట్టి ఉండలు విడదీయాలి. ఇవి నేను పాతిక మందికి నేర్పిన సంగతులు. కో ఫోంగ్ ప్రయాణం ఇంకా ఐదు రోజులుందిలే అనుకున్నాను. రెండు రోజులూ ముసురు పట్టింది. చూరు కింద ప్లాస్టిక్ కుర్చీకి తగిలించి తడుతూనే ఉన్నాను. మూడో రోజు పొద్దున కో ఫోంగ్ సంచీతో సహా వచ్చి నించున్నాడు. విమానం టిక్కెట్టు ముందుకు జరిగిందట, ఈ రోజుల్లో అది పోతే మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదట.

కోటు మీద చెయ్యి వేశాను. పొడిగా ఉంది. నొక్కి చూశాను, వీపులో ఉండలు తగిలాయి. "ఆరినాదేటి?" అంది నూకాలు. "ఆరింది," అన్నాను. తక్కెడ బజారులో ఉంది. బస్సెక్కితే ముప్పావుగంట. కో ఫోంగ్ కళ్లలో ఊరు వెళ్తున్న వెలుగు చూసి, సర్దుకుంటుందిలే అనుకుని, కోటును చుట్టి సంచీలో కుక్కి ఇచ్చేశాను.

అతను వీధి మలుపు తిరిగాక నూకాలు ఆ కుర్చీలో కూర్చోబోయి ఆగింది. కుర్చీ గుంటలో పసుపుపచ్చటి నీళ్లు నిలిచి ఉన్నాయి.

నలభై రెండు రోజులు

కో ఫోంగ్‌కు ఫోను చేస్తే స్విచాఫ్. బస్సు పట్టుకుని స్టేషనుకు, అక్కణ్ణుంచి రైల్లో ఇన్సేన్ వెళ్లాను. కో ఫోంగ్ గది అక్కడే. ఇంటావిడ తలుపు తీసి, విమానాశ్రయానికి వెళ్లిపోయాడంది. నా వాలకం చూసి నీళ్లిచ్చి, పుతావోలో కో ఫోంగ్ చుట్టాల కిరాణా కొట్టు నంబరు రాసిచ్చింది. ఆ లైను మూడో రోజుకు గానీ కలవలేదు. అప్పటికి తండ్రీ కొడుకులు నడక మొదలుపెట్టి ఒక రోజైందట. ఉప్పు మోసుకుని అటు వెళ్లే మనిషొకడు ఉన్నాడంటే కబురు చెప్పాను. కోటు లోపల తడి ఉంది, నిప్పు దగ్గర ఆరబెట్టకుండా తొడుక్కోవద్దు. కొట్టువాడు చెబుతానన్నాడు. అయితే ఆ ఉప్పు మనిషి చివరి ఊరి దాకానే వెళ్తాడు, వేటగాళ్లు దానికంటే పైన ఉంటారు అన్నాడు. ఆ తర్వాత ఆ లైను మళ్లీ కలవలేదు.

చచ్చినవాడి భయం ఆ క్షణంలో ఏమైపోయిందో నాకు తెలియదు. మళ్లీ గుర్తు రాలేదు. ఎవరో ముక్కూ మొహం తెలియనివాడి కోసం, నా కళ్లెదుట ఉన్నవాణ్ణి తడి కోటులో పంపాను.

పదో రోజున అలాంటిదే ఇంకో కోటు తీసి, అలాగే ముంచి, రెండు రోజులు అలాగే ఆరబెట్టి, తొడుక్కుని ఐసు గోదాములోకి వెళ్లాను. ఎన్ని నిమిషాలు వెచ్చగా ఉంటుందో తెలుసుకోవాలని. ముందు పర్వాలేదనిపించింది. తర్వాత వీపు మీద ఎవరో తడి చెయ్యి వేసినట్టైంది. ఇంకాసేపటికి వీపంతా చెక్కలా బిగిసింది, దవడలు కొట్టుకున్నాయి. అప్పన్న గడియారం చూసి నన్ను బయటికి లాగేశాడు.

"పేనం మీద ఆస నేదేటి బావా నీకు? పన్నెండు నిమిసాలకే మూతి నల్లబడిపోనాది!"

పన్నెండు నిమిషాలు. కో ఫోంగ్ తెల్లవారకముందే వెళ్లి, జంతువు వచ్చేదాకా రెండు మూడు గంటలు కదలకుండా కూర్చుంటానని చెప్పాడు. నేను గోదాము గుమ్మం మీద కూర్చుని పసిపిల్లాడిలా ఏడ్చాను.

ఆ తర్వాతి రోజుల్లో ఏం తిన్నానో గుర్తు లేదు. ఎదురుగా గేటు దగ్గర వేరే గార్డు కూర్చునేవాడు. తల ఎత్తినప్పుడల్లా అతను కనిపించేవాడు. నూకాలు ఒక్కసారే అంది, "నాను జల్లుతానంటే నువ్వు ముంచీసినావు." మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి తిట్టుంటే బాగుండేది.

నలభై రెండో రోజున కో ఫోంగ్ దుకాణంలోకి వచ్చాడు. సగం మనిషయ్యాడు. ఎడమచేతి రెండు వేళ్లు చివరి కణుపు దాకా లేవు.

మొదటి మకాం వేసిన గుహలోనే కోటు వీపు గడ్డకట్టిందట. వణుకుతూ మాట తడబడుతుంటే వాళ్ల నాన్న అనుమానపడి, కోటు విప్పించి, వీపు కుట్టును కత్తితో కోసి, లోపలి ముద్దలన్నీ తీసి పారేసి, గుహలో దొరికిన ఎండు ఆకులూ నాచూ కూరి మళ్లీ తొడిగాడట. తన దుప్పటి కూడా కొడుక్కే చుట్టి, రెండు రోజులు నిప్పు పక్కన కూర్చోబెట్టి, వేట మానుకుని కిందికి దింపి పుతావో ఆసుపత్రిలో చేర్చాడట. ఒంట్లో వేడి తగ్గితే ముందు పోయేవి వేళ్లే. మా కబురు వాళ్లకు అందనే లేదు.

అతను కోటును బల్ల మీద పరిచాడు. కోసిన వీపులోంచి ఆకులు రాలాయి. అంచుల్లో అంటుకుని ఉన్న నూగును వేళ్లతో తీసి నా ముందు పెట్టాడు.

"ఊలే, ఇది పసుపుపచ్చగా ఎందుకుంది?"

పాత నూగు అలాగే రంగు మారుతుందని చెప్పొచ్చు. నమ్మేవాడు. ఆ మాట నా నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ ఆ వేళ్లు నా కళ్లముందే ఉన్నాయి. పట్టీ, బకెట్టు, కుర్చీ, తూచకపోవడం, అన్నీ చెప్పేశాను.

కో ఫోంగ్ రాలిన ఆకుల్ని ఏరి కోటు వీపులోకి తోశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "గుహలో మా నాన్న నన్ను అడిగాడు, ఈ కోటు ఇచ్చినవాడు నీకు పగవాడా అని. కాదు, నన్ను కొడుకులా చూస్తాడు అన్నాను. ఇప్పుడు ఆయనకేం చెప్పమంటారు?"

"నిజమే చెప్పు," అన్నాను. కోటు చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ నెలాఖరుకు నేను పని మానేశాను.

ఆయన

మొన్న వానాకాలంలో కో ఫోంగ్ వాళ్ల నాన్న కంటి శుక్లాల ఆపరేషన్‌కు యాంగోన్ వచ్చాడు. కో ఫోంగ్ ఆయన్ను మా ఇంటికి తీసుకొచ్చాడు. మూడేళ్లలో మా గుమ్మం తొక్కడం అదే మొదటిసారి. "ఊలే, నేనింకా చెప్పలేదు, మీరే చెప్పండి. నేను మా భాషలోకి మార్చి చెబుతాను," అన్నాడు. ఆయనకు బర్మా మాట అంతంతమాత్రం.

ఆయన పొట్టిగా, బక్కగా ఉన్నాడు. ఒక కంటికి కట్టు. నేను ఆయన ఎదురుగా నేల మీద కూర్చుని మొత్తం చెప్పాను. ఏదీ దాచలేదు. ఆయన ఆ ఒక్క కంటితో నన్నే చూస్తూ విన్నాడు. అంతా విని ఒక్కటే అడిగాడు.

"ఎన్ని రోజులు ఆరాలట?" అని మార్చి చెప్పాడు కో ఫోంగ్.

"నాలుగు. ఆరాక తూచాలి."

ముసలాయన తల ఊపి ఇంకేదో అన్నాడు. కో ఫోంగ్ తండ్రిని రెండుసార్లు అడిగి, నా వైపు తిరిగాడు. "కళ్లు కనిపిస్తున్నాయి కాబట్టి ఈ ఏడు మళ్లీ పైకి పోతాడట. తనకొక కోటు మీరే ఏరాలట."

నావల్ల కాదన్నాను. బజారులో మంచివాళ్లు చాలామంది ఉన్నారన్నాను. నూకాలు నా భుజం పట్టుకుని, "ఒద్దని సెప్పీ, మల్లీ ఈ బయం మనం పడనేం," అంది. ముసలాయన ఒప్పుకోలేదు.

"ఈయన భయపడతాడు కదా, ఈయనే ఏరాలి అంటున్నాడు మా నాన్న," అన్నాడు కో ఫోంగ్.

ఏరాను. మూడేళ్ల తర్వాత బజారుకు వెళ్లి పదకొండు కోట్లు తిరగేశాను. అప్పన్న రిటైరయ్యాడు, ఐసు గోదాములో కొత్తవాళ్ల కాళ్లూవేళ్లూ పట్టుకుని లోపలికి వెళ్లాను. ఒకటి తీసి మూడుసార్లు తూచాను. జేబులు తడమలేదు, తడమడానికి ధైర్యం చాలలేదు. ఒక్క చుక్క నీళ్లు తగలనివ్వలేదు. "కొనకైనా పసుపు ఎట్టనియ్యవా?" అని నూకాలు బతిమాలింది. పెట్టనివ్వలేదు. ఇప్పుడు నా భయం చూడండి. ఆ మాట వినివుంటే ఏం పోయేదని రోజూ అనుకుంటున్నాను. ఈ పనిలో ఎంత నేర్చినా మిగిలేది ఇంతే, మీకు నేను ఇంకోలా చెప్పలేను.

ఆయన నవంబరులో కొండెక్కాడు. వేళ్లు లేక విల్లు పట్టలేని కో ఫోంగ్ ఇక్కడే గేటు దగ్గర ఉన్నాడు. నేను రోజూ పొద్దున బస్సు దిగి అటు వెళ్తాను. అతను నన్ను దూరం నుంచే చూసి, ఇంకా కబురు లేదన్నట్టు తల అడ్డంగా ఊపుతాడు. కిరాణా కొట్టు లైను కలవడం లేదు.

ఆయన క్రిస్మస్‌కు దిగాలి. క్రిస్మస్ వెళ్లి ఇవాళ్టికి పదకొండు రోజులు.